చేతిలోని యంత్రము - చెట్టుక్రింది పెట్టె

సర్వేశాఖలో పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దలొకరు మాకొక లేఖ వ్రాసినారు. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న వారి కుమారుడు తాను వాడి విడిచిన చేతి జీ.పీ.ఎస్. యంత్రము నొకదానిని తండ్రికి పంపినాడట. అచ్చట ఆ యంత్రముతో అడవులలోను ఉద్యానవనములలోను దాచియుంచిన పెట్టెలను వందలకొలది వెదకి పట్టినాడట. ఇచ్చటికి వచ్చినపిమ్మట అది అరగంట గడచినను ఆకాశమును గుర్తింపలేదు. గుర్తించిన తరువాత ఇరువదియేండ్ల వెనుకటి తేదీని చూపినది. నిలుచున్నచోట ముల్లు గిరగిర తిరుగుచున్నది. గొలుసును థియోడలైటును నమ్మి జీవితమంతయు భూమిని కొలిచిన తాను ఈ బొమ్మను నమ్మవచ్చునా, లేక పాతసామానులవానికి వేయవలయునా, వేసవి సెలవులలో మనుమలను వెంటబెట్టుకొని ఈ పెట్టెల ఆట యాడవలెనని యున్నది, ఏమందురు? - ఇది వారి ప్రశ్న.

వేయనక్కరలేదు. వారు చెప్పిన మూడు జబ్బులలో ఒక్కటియు యంత్రముయొక్క జబ్బు కాదు. ఇటువంటి ప్రశ్న వారొక్కరిదే కాదని మాకు తెలియును గనుక, వారికి విడిగా జవాబు వ్రాయుటకు మారుగా ఈ పుటలోనే సవిస్తరముగా వ్రాయుచున్నాము.

ముందు ఆట సంగతి. దీనిని జియోకాషింగు అందురు. ఒకరు నీరు చొరని చిన్న డబ్బాలో సంతకముల పుస్తకము నుంచి ఎచ్చటనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటింతురు. మరియొకరు ఆ అంకెలను యంత్రములో వేసికొని వెదకి పట్టి, పుస్తకములో పేరు వ్రాసి, డబ్బాను ఉన్నచోటనే ఉన్నట్లే యుంచి వత్తురు. అంతియే ఆట. ఇంగ్లండులోని డార్టుమూరు బీళ్ళలో 1854 నుండియు ఇట్టి యాట యొకటి గలదు. అచ్చట దారిచూపువాడైన జేమ్సు పెరటు అనునతడు క్రాన్మియరు కొలనువద్ద ఒక సీసా నుంచి, అంతదూరము నడచి వచ్చినవారు తమ పేరిటి చీటీలు అందులో వేసిపోవు నాచారమును నెలకొల్పెను. అయినను నేటి యాట పుట్టుక వేరు. అది ఒక ప్రభుత్వము తీసిన తెరనుండి పుట్టినది.

జీ.పీ.ఎస్. అమెరికా సైన్యము నిర్మించినది. ఆ ఉపగ్రహముల సంకేతమును సామాన్యులకు బుద్ధిపూర్వకముగనే చెడగొట్టి యిచ్చుచుండిరి; అందుచే సామాన్యుని యంత్రము నూరు మీటర్ల మేర తప్పు చెప్పుచుండెను. క్లింటను అధ్యక్షుని యాజ్ఞచే 2000 సంవత్సరము మే 1వ తేదీ యర్ధరాత్రమున ఆ మరుగు తొలగింపబడినది. అంతకుముందు ఒక ఊరు చూపిన యంత్రము ఆ రాత్రినుండి ఒక చెట్టును చూపజొచ్చెను. మే 3వ తేదీన డేవు అల్మరు అనునతడు ఆరెగాను రాష్ట్రమున పోర్టులాండుకు సమీపముననున్న బీవరుక్రీకు వద్ద అడవిలో ఒక బొక్కెనను సగము పాతి, అందులో పుస్తకమును, కొంత డబ్బును, ఒక ఉండేలును, ఒక చిక్కుడుగింజల డబ్బాను మరికొన్ని చిల్లర వస్తువులను ఉంచి, దాని స్థానమును ప్రకటించెను. కొలది దినములలోనే మైకు టీగు అనునతడు దానిని మొట్టమొదట కనుగొనెను. ఆ నెలాఖరునకే ఆటకు నేటి పేరు పుట్టినది. ఇప్పటి నియమముల ప్రకారము ఏ పెట్టెను గాని పాతరాదు, ఏ పెట్టెలోను తినుబండారము లుంచరాదు. అనగా ఈ యాటకు మూలపురుషుడైన ఆ బొక్కెనకు నేడు ప్రవేశము దొరకదు! ఆది కావ్యములకు తరువాతి లక్షణగ్రంథములు తప్పులు పట్టుట మనము ఎరిగినదే.

ఇపుడు యంత్రము. అది ఆకాశమును అడుగదు, వినును. ఈ సంగతి చాలమందికి తెలియక, తమ యంత్రము పైకి ఏదియో పంపుచున్నదని భ్రమపడుదురు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున ముప్పదికి అటు నిటుగా తిరుగుచున్న ఉపగ్రహములు ఒక్కొక్కటి పండ్రెండు గంటలకు కొంచెము తక్కువ కాలములో భూమిని చుట్టివచ్చుచు, "నేను ఫలానా చోట నున్నాను, ఇప్పుడు ఇంత సమయము" అని ఎడతెగక పలుకుచుండును. ఆ పలుకు మనలను చేరుటకు సెకనులో పదునైదవ వంతు పట్టును. ఎంత ఆలస్యముగ వచ్చినదో తెలిసినచో ఎంత దూరమునుండి వచ్చినదో తెలియును. మూడు దూరములు తెలిసినచో చోటు తెలియవలెను గాని, మన చేతియంత్రములోని గడియారము చవుకబారుది. సెకనులో పదిలక్షలవ వంతు తప్పినను మూడువందల మీటర్లు తప్పును. కావున నాల్గవ ఉపగ్రహము మన గడియారమును దిద్దుటకు వలయును. నాలుగు ఉపగ్రహములు కావలెనను నియమము ఇందుకే.

పైనున్న అణుగడియారములకును ఒక చిక్కు గలదు. వేగముచేతను, ఎత్తుననుండు ఆకర్షణ తగ్గుదలచేతను అవి దినమునకు సెకనులో పదిలక్షల వంతులలో 38 వంతులు ముందు నడచును. ఐన్‌స్టీను సిద్ధాంతముచే ముందుగనే లెక్కవేసి దిద్దియుండనిచో ఒక్క దినమున పదికిలోమీటర్లకు మించిన తప్పు చేరుకొనును. ఐన్‌స్టీను మనకెందుకు అనువారు ఆయన సాయము లేకుండ ఒక డబ్బాను కూడ కనుగొనజాలరు.

ఇంక లేఖలోని మొదటి జబ్బు. ఉపగ్రహములన్నియు ఎచ్చటెచ్చట నుండునో చెప్పు స్థూలమైన పంచాంగ మొకటి, ఒక్కొక్క ఉపగ్రహముయొక్క సూక్ష్మగతి వేరొకటి - ఈ రెండును సంకేతముతోడనే క్రిందికి వచ్చును. సూక్ష్మగతి అరనిమిషములో దిగును గాని కొన్నిగంటలకే పాతబడును. పంచాంగమంతయు దిగుటకు పండ్రెండున్నర నిమిషములు పట్టును. అమెరికాలో మూతపడి ఆంధ్రదేశమున కన్నుతెరచిన యంత్రము తానింకను అచ్చటనే యున్నానని తలచి, ఆ యాకాశమున నుండవలసిన ఉపగ్రహములను ఈ యాకాశమున వెదకుచుండును. వాని తప్పేమి? దానిని ఇంటి వసారాలోనుండి బయటికి తెచ్చి, నలుదెసల ఆకాశము కానవచ్చు కళ్ళమునందో డాబాపైననో ఇరువది నిమిషములు కదల్పక ఉంచవలయును. చేతబట్టుకొని తిరిగినచో ఆలస్యము పెరుగునే గాని తరుగదు. కొన్ని యంత్రములలో "క్రొత్త చోటికి వచ్చితిని" అని చెప్పుటకు వీలుండును. అది చెప్పిన పని త్వరపడును. ఒకసారి ఇట్లు దారి దొరికినచో మరునాడు నిమిషములోనే పట్టుకొనును.

రెండవది తేదీ జబ్బు. ఇది మాకు మిక్కిలి రుచించిన సంగతి. జీ.పీ.ఎస్. కాలము 1980 జనవరి 6వ తేదీన మొదలైనది, వారములను లెక్కించును, కాని ఆ లెక్కకు పాత సంకేతములో ఇచ్చిన స్థలము 1024 వారములకే చాలును. ఆపై మరల సున్న. మన ప్రభవాది సంవత్సరములు అరువది తీరగానే తిరిగి ప్రభవ వచ్చునట్లే యిదియు. పాత శాసనములో "ఆనంద" అని మాత్రము వ్రాసియున్నచో అది ఏ ఆవృత్తిలోని ఆనందయో పండితులు తగవులాడుకొనునట్లు, పాత యంత్రమును తానే ఆవృత్తిలో నున్నదో ఎరుగక పోవును. మొదటి ఆవృత్తి 1999 ఆగస్టులో ముగిసినది. రెండవది 2019 ఏప్రిలు 6వ తేదీ రాత్రి, గ్రీన్విచి లెక్కప్రకారము ముగిసినది. ఆ ఏప్రిలు 6 మనకు వికారి నామ సంవత్సర ఉగాది! వేపపువ్వు పచ్చడి తిని పడుకొన్న మనము తెల్లవారి లేచుసరికి ఉపగ్రహముల పంచాంగమును మారియుండెను. ఈ మార్పు నెరుగని యంత్రము పందొమ్మిదేండ్ల ఏడునెలలకు పైగా వెనుకటి తేదీ చూపును. తయారుచేసినవారు క్రొత్త సాఫ్టువేరు ఇచ్చియున్నచో దానిని ఎక్కించుకొనవలెను. ఇవ్వనిచో తేదీని, సూర్యోదయాస్తమయములను నమ్మక, చోటును మాత్రము నమ్మవలెను. పెక్కు యంత్రములలో చోటు చెడదు. తెలిసిన బండపైనో కూడలిలోనో నిలిచి సరిచూచుకొన్నచో సందేహము తీరును. తదుపరి ఆవృత్తి 2038 నవంబరులో మారును.

మూడవది గిరగిర తిరుగు ముల్లు. చవుక యంత్రములలో అయస్కాంతపు దిక్సూచి యుండదు. నీవు నడచినచో నీ నడకనుబట్టి దిక్కు చెప్పును. నిలిచినచో దానికి దిక్కు తెలియదు, కాని తెలియదని యొప్పుకొనక ముల్లును త్రిప్పుచుండును. (ఇట్టివారు యంత్రములలోనే గాక ఉన్నారు.) పది పండ్రెండడుగులు తిన్నగ నడచినచో ముల్లు కుదురుకొనును. దిక్సూచి గల యంత్రమైనచో, బ్యాటరీలు మార్చినప్పుడెల్ల దానిని తిరిగి సరిదిద్దవలయును. యంత్రము చెప్పినట్లు దానిని మెల్లగ త్రిప్పుటయే ఆ పని. కారుప్రక్కను, ఇనుపకంచెవద్దను, అయస్కాంతపు మూతగల ఫోను సంచిలోనుండగను ఈ పని చేసినవారు తప్పు దిక్కును శాశ్వతము చేసికొందురు.

ఉత్తరముల విషయమునగూడ ఒక మాట. అయస్కాంతము చూపు ఉత్తరమును, నిజమైన ఉత్తరమును ఆంధ్రదేశమున ఇంచుమించు ఒకటియే. ఆరెగాను ప్రాంతమున ఆ రెంటికి పదునైదు భాగల తేడా గలదు. నూరుమీటర్ల దూరమున అది 27 మీటర్లగును. ఒక దేశమున అమర్చిన యంత్రమును మరియొక దేశమున వాడువారు ఇది చూచుకొనవలయును.

ఇంతవరకు చెప్పినవి చిన్న చిక్కులు. మా యభిప్రాయమున ఈ యాటలో నూటికి తొంబది ఓటములకు కారణము అంకెలను వ్రాయు పద్ధతి. ఒకే చోటును మూడు విధముల వ్రాయవచ్చును: భాగలు మాత్రము దశాంశములతో; భాగలు, నిమిషములు దశాంశములతో; భాగలు, నిమిషములు, సెకనులు. ఈ యాటలో నడుమ పద్ధతియే ఆచారము. చార్మినారు స్థానము భాగలలో 17.3616 ఉత్తరము, 78.4747 తూర్పు. నిమిషములలో అదియే 17 భాగల 21.696 నిమిషములు, 78 భాగల 28.482 నిమిషములు. చుక్కను తొలగించి 3616 ను 36.16 నిమిషములుగను, 4747 ను 47.47 నిమిషములుగను వేసికొన్న పుణ్యాత్ముడు చార్మినారుకు ఈశాన్యమున నలువది కిలోమీటర్లకు పైబడి పోయి, పొలములనడుమ మినారుల కొరకు చూచుచు నిలుచును. ఇంత పెద్ద తప్పు ఎవరికైనను తెలియును. తెలియనిది చిన్న తప్పు. 22 నిమిషముల 30 సెకనులను 22.30 నిమిషములుగ వేసినచో 370 మీటర్లు తప్పును. అది అడవిలో, వాగు కావలితీరమున, అచ్చముగ పెట్టె దాచుటకు తగినట్టి చోటనే యుండవచ్చును. సాయంకాలమువరకు వెదకి, పెట్టె నెవరో ఎత్తుకొనిపోయినారని ప్రకటించి ఇంటికి పోవుదురు.

నిమిషములో వేయవ వంతు ఉత్తరదక్షిణములుగ 1.85 మీటర్లు. తూర్పుపడమరలుగ హైదరాబాదువద్ద సుమారు 1.77, ఆరెగానులో 1.3. కావున మూడవ దశాంశమును సోమరితనముచే విడిచినవారు పదునెనిమిది మీటర్లవరకు విడిచినట్లు.

పద్ధతి కుదిరినను, భూమి యాకారమును గూర్చిన ఊహ కుదరకపోవచ్చును. మన లేఖకులైన సర్వేయరుగారికి ఇది చెప్పనక్కరలేదు గాని, ఇతరులకు చెప్పవలయును. భూమి గుండ్రముగ లేదు. ఎంత చపటగ నున్నదో, కేంద్రమెచ్చటనో ఊహించి కొలతలు మొదలుపెట్టవలెను. లాంబ్టను 1802లో మదరాసు పరంగికొండవద్ద మొదటి కొలత వేసి ఉత్తరమునకు సాగెను. ఆయన వెనుక వచ్చిన ఎవరెస్టు పేర 1830 నాటి లెక్క మన పాత సర్వే పటములన్నిటికి ఆధారమైనది. జీ.పీ.ఎస్. లెక్క వేరు, దానిపేరు డబ్ల్యూ.జీ.ఎస్. 84. పాత పటముమీది అంకెలను యంత్రములో యథాతథముగ వేసినచో నూరుమీటర్లకు మించిన వ్యత్యాసము రావచ్చును. అమెరికా పశ్చిమతీరమున 1927 నాటి లెక్కతో వేసిన పటములకును ఇంచుమించు నూరుమీటర్ల తేడాయే గలదు. యంత్రములోని అమరికలలో డబ్ల్యూ.జీ.ఎస్. 84 అని యున్నదో లేదో చూచినగాని గడప దాటరాదు. మన దేశమున 2005 నాటి పటముల విధానము ననుసరించి జనులకిచ్చు పటములు ఈ క్రొత్త లెక్కతోనే వచ్చుచున్నవి.

లాంబ్టను మాట వచ్చినది గనుక ఇంకొక ముచ్చట. ఆయన థియోడలైటు అరటన్ను బరువు. 1808లో తంజావూరి పెద్ద గుడిపైకి దానిని ఎక్కించుచుండగ త్రాడు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని చట్రము వంకరపోయెను. ఆయన ఒక గుడారములో దానిని పెట్టుకొని ఆరువారములు కూర్చుండి, చిన్నచిన్నగ కొట్టి, సాగదీసి తిరిగి గుండ్రముగ చేసెను. నేడు ముల్లు కొంచెము తడబడగనే క్రొత్తది కొందమనువారు ఆ ఆరువారములను తలచుకొందురుగాక.

ఇంక అసలైన సంగతి. సరిగా అమర్చిన యంత్రము చదునైన బయలులో మూడు మొదలు ఐదు మీటర్ల మేర నిజము చెప్పును. తెరమీద "4 మీటర్లు" అని చూపునది హామీ కాదు, అంచనా. దాచినవాని యంత్రమును నాలుగైదు మీటర్లు తప్పియుండును. వెదకువానిది మరి నాలుగైదు. రెండును కలిసి పదిమీటర్లు కావచ్చును. పదిమీటర్ల వలయమనగా మూడువందల చదరపు మీటర్ల పైచిలుకు నేల. కాబట్టి యంత్రము "సున్న" చూపినచోట వంగి మట్టి గీకుట అవివేకము. పదిమీటర్లలోనికి వచ్చినతోడనే యంత్రమును జేబులో వేసి, దాచినవాని బుద్ధిలో ప్రవేశింపవలెను. నేనైనచో ఎచ్చట దాచుదును? ఈ రాళ్ళలో ఏది స్వభావమునకు విరుద్ధముగ పేర్చబడియున్నది? ఈ మానుతొర్రవద్ద గడ్డి ఎందుకు నలిగినది? అలవాటైనవారు యంత్రముకంటె కండ్లనే ఎక్కువ వాడుదురు. పసిపిల్లలు పెద్దలకంటె ముందు పట్టుటకు ఇదియే కారణము. వారు తెర చూడరు, నేల చూతురు.

అంకె స్థిరపడక పదిహేను ఇరువది మీటర్లు ఎగిరిపడుచున్నచో, పైనున్న తడిసిన ఆకులను, ప్రక్కనున్న కొండచరియను అనుమానింపవలయును. ఉపగ్రహము పంపు శక్తి కొలది పదుల వాట్లు. ఇరువదివేల కిలోమీటర్లు దిగివచ్చినది ఎంత క్షీణించియుండునో ఊహింపవచ్చును. అది రాతిగోడకు తాకి మళ్ళి వచ్చినచో దూరము ఎక్కువైనట్లు యంత్రము మోసపోవును. ఇట్టిచోట ముప్పది మీటర్లు వెనుకకు, బయలులోనికి వచ్చి, అచ్చటనుండి ముల్లు చూపు దిక్కున దూరముననున్న ఒక చెట్టునో బండనో గురుతు పెట్టుకొనవలెను. మరియొక ప్రక్కనుండి మరల అట్లే చేయవలెను. రెండు గీతలు కలిసినచోట వెదకవలెను. సర్వేయరుగారు చిరునవ్వు నవ్వుచుందురు. ఇది వారు గొలుసు పట్టిననాటి విద్యయే.

యంత్రమును పట్టుకొను తీరును విచారింపదగినదే. పైకి పొట్టికొమ్ము వలె పొడుచుకొనియున్న గ్రాహకము గల యంత్రమును నిలువుగ పట్టవలెను. కొమ్ములేక నున్నగనున్న దానిని అరచేతిలో వెల్లకిల పెట్టవలెను. నడుమునకు కట్టుకొన్నచో సగము ఆకాశమును మన దేహమే కప్పును. పటములు గల యంత్రములలో "రోడ్డువెంట పొమ్ము" అను అమరిక యొకటి యుండును. దానిని తీసివేయనిచో, నలువది మీటర్ల దూరములోనున్న పెట్టెకు రెండు కిలోమీటర్లు చుట్టి రమ్మనును. అడవిలో సూటిగీత యమరికయే వలయును. అయితే సూటిగీతకు బావి తెలియదు, లోయ తెలియదు. ఆ జాగ్రత్త మనుష్యునిది.

పెట్టె దాచువారి బాధ్యత వెదకువారికంటె పెద్దది. ఒక్కసారి చూచిన అంకెను ప్రకటించుట ఊరివారి నందరిని అడవిలో త్రిప్పుట వంటిది. అనేక యంత్రములు సగటు తీయగలవు. గంటన్నర యెడముతో నాలుగు మొదలు ఎనిమిదిసార్లు తీయుమని తయారుచేసినవారే చెప్పుదురు. ఉపగ్రహములు చోటు మారుటకు వ్యవధి ఇచ్చుటయే ఇందలి కిటుకు.

బ్యాటరీలను గూర్చి ముక్తసరిగ చెప్పెదము. మరల మరల చార్జి చేయునవి 1.2 వోల్టులు, పారవేయునవి 1.5 వోల్టులు, ఏ జాతివి వేసితిమో యంత్రమునకు చెప్పనిచో నిండుగనున్నను అయిపోయినవనును. చలిదేశములలో మామూలు బ్యాటరీ త్వరగ నీరసించును. మనకు చలిబాధ లేదు, రెంటచింతల యెండ గలదు. వేసవిలో కారు అద్దముక్రింద విడిచిన యంత్రముయొక్క తెర నల్లబడినచో నీడలో చల్లారనిచ్చి చూడవలెను గాని గుండెలు బాదుకొనరాదు. కంప్యూటరునుండి పెట్టెల జాబితాను ఎక్కించునప్పుడు తీగను నడుమ లాగినచో ఆ దస్త్రము సగము తెగి, యంత్రము తెరుచుకొనుటలోనే నిలిచిపోవును. అపుడు బ్యాటరీలను, లోపలి జ్ఞాపకపు కార్డును తీసి, కార్డు లేకుండ తెరచి చూడుడు. తెరుచుకొన్నచో దోషము కార్డులోనిదే. సమస్తమును తుడిచివేయు ఉపాయము చిట్టచివరిది. దానితో గురుతు పెట్టుకొన్న చోట్లన్నియు పోవును.

ఇంత చెప్పిన తరువాత ఒక పెద్దమాట చెప్పక విడువలేము. 2000 వరకు ఆ సంకేతమునకు మరుగు వేసినది ఒక ప్రభుత్వము, తీసినదియు అదియే. ఇకముందు కట్టు ఉపగ్రహములలో ఆ మరుగువేయు సాధనమే ఉండదని 2007లో అమెరికా ప్రకటించినది. సంతోషమే. కాని తన దారి తాను తెలిసికొనుటకు పరుల దీపముపైననే ఆధారపడిన దేశము, ఆ దీపము ఎప్పుడు తగ్గింతురో అను చింతతోనే నడువవలసివచ్చును. రష్యా, ఐరోపా, చైనా దేశములు వేర్వేరుగ తమ ఉపగ్రహములను నిలిపినది ఇందులకే. మన దేశము 2013 జూలై 1వ తేదీన శ్రీహరికోటనుండి మొదటి దిక్సూచి ఉపగ్రహమును పంపినది. ఆ వరుసకు తరువాత నావిక్ అని పేరిడిరి. దాని చరిత్రయు నిష్కంటకము కాదు. విదేశములలో కొన్న అణుగడియారములు మొదటి ఉపగ్రహములో చెడిపోయినవి. బదులుగ 2017లో పంపినది రాకెట్టు కవచము విచ్చుకొనక వ్యర్థమైనది. 2018లో పంపినది నిలిచినది. 2023 మేలో పంపినదానిలో స్వదేశమున చేసిన గడియారము నుంచిరి. 2025 జనవరిలో శ్రీహరికోటనుండి జరిగిన నూరవ ప్రయోగమున వెడలిన తరువాతిది తన కక్ష్యను చేరలేదు. గడియారము చేసికొనలేని జాతికి దారియును చిక్కదని ఈ వరుస మనకు చెప్పుచున్నది. విమర్శింపవలసినచోట విమర్శింపవలెను, కాని పని విడువరాదు. విమానములకై ఇస్రోయు, విమానాశ్రయముల సంస్థయు కలిసి నడపుచున్న గగన్ సంకేతమును కొన్ని చేతియంత్రములును అందుకొనగలవు. అది తప్పులను దిద్దును. యంత్రము కొనువారు ఏయే దేశముల సంకేతములను వినునో అడిగి కొనుట మేలు. వినునవి ఎక్కువైనకొలది లోయలలో నిలకడ పెరుగును.

మనుమలతో నాడదలచిన పెద్దలకు ఇక జాగ్రత్తలు. అమెరికాలో దాచిన పెట్టె అనిన ఆట. మన పల్లెలలో లంకెబిందెల వెర్రి ఇంకను చావలేదు. గుప్తనిధులకై గుడిగోడలు త్రవ్వినవారి కథలు వినని జిల్లా లేదు. చేతిలో మెరయు యంత్రముతో పాడుపడిన కోటలో రాళ్ళు కదల్చుచున్న వానిని చూచి ఊరివారు ఏమనుకొందురో చెప్పనక్కరలేదు. రక్షిత కట్టడములను 1958 నాటి చట్టము కాపాడుచున్నది. వాని రాతిసందులలో దాచరాదు, వెదకరాదు. విమానాశ్రయము, రైలువంతెన, సైనికస్థలము దరి చేరరాదు. 2011లో ఇంగ్లండులోని వెదరుబీ పట్టణమున ఒక దుకాణమువద్ద దాచిన పెట్టెను బాంబు అని తలచి సైనికులు పేల్చివేసిరి. 2018 జూనులో ప్రాగు నగరమున నేలక్రింది మురుగుకాలువలో వెదకుచున్నవారు హఠాత్తుగ వచ్చిన వాననీటికి కొట్టుకొనిపోయి ప్రాణనష్టమైనది. సంకేతమును వినునంతమాత్రపు యంత్రమునకు మన దేశమున చిక్కులేదు; కాని ఉపగ్రహముద్వారా సందేశములు పంపు యంత్రములు కూడ అదే యాకారములో దొరకుచున్నవి; అనుమతి లేక వానిని దేశములోనికి తెచ్చుట నేరము. కుమారుడు పంపినది ఏ జాతిదో చూచుకొనుట మంచిది.

ఊరివెలుపల మనదే యగు మామిడితోటయో, అడిగి అనుమతి పొందిన బడి యావరణయో మొదటి యాటకు చాలును. దారినబోవు దానయ్య ఏమిటని అడిగినచో దాచక చెప్పుడు. దాచిన అనుమానము పెరుగును, చెప్పిన అతడును వెదకుటకు వచ్చును. పెట్టెకును పెట్టెకును 161 మీటర్లు, అనగా మైలులో పదవవంతు, ఎడముండవలెనని ఆటవారి నియమము. తోటలో పిల్లలకు అంత పట్టింపు అక్కరలేదు. డబ్బాలోనిది తీసికొన్నచో అంతకు తక్కువ కానిది ఉంచవలెను. పుస్తకముతోబాటు పెన్సిలు ఉంచుడు, కలము వలదు. మన శ్రావణమాసపు చెమ్మకు సిరా మిగులదు. సర్వేయరుగారు మొదటి పెట్టెను దాచినపిమ్మట దాని యంకెలను యంత్రములో మాత్రమే గాక తమ పాత కొలతపుస్తకములోను, బావిగట్టునుండి ఇన్ని గొలుసులు, చింతమానునుండి ఇన్ని గొలుసులు అని వ్రాసి యుంచుకొందురని మా నమ్మకము. సెలవులు ముగిసి యంత్రమును అలమరలో పెట్టునప్పుడు బ్యాటరీలను బయటికి తీయుడు. లోపలనే యున్నచో కారి, రాగిరేకులను తినివేయును.